క్యాజువాలిటీలో మొదటి పది నిమిషాలు: కొత్తగా డ్యూటీ ఎక్కే సిస్టర్ల కోసం

మీరు ఏ మెడికల్ వార్డుకైనా పోయి పది కేస్ షీట్లు తిరగేయండి. పల్స్ ఒకరికి 88 ఉంటుంది, ఇంకొకరికి 112, బీపీ ఒక్కొక్కరికి ఒక్కో రకం, ఊపిరి మాత్రం అందరికీ 20. న్యుమోనియా తాతకూ 20, కాలు బెణికి వచ్చిన పిల్లోనికీ 20. ఎవరూ లెక్కపెట్టలేదు, ఊరికే రాసేసినారు, అంతే. నేనూ మొదటి ఏడాది అట్లే రాసినా, దాచుకోవడం ఎందుకు. అప్పట్లో నేను పనిచేసే చోట ఒక రాత్రి ఒకాయన కూతురు రెండుసార్లు నా దగ్గరికి వచ్చి "మా నాయన సాయంత్రం నుంచి ఎగపోసుకుంటాండాడు సిస్టర్" అని చెప్పింది, నేను "శాచురేషన్ 95 ఉంది కదమ్మా, ఏం కాదు" అని పంపించినా. మూడు గంటలకు ఆయన వెంటిలేటర్ మీద ఉన్నాడు. షీట్ మీద నా చేతిరాతతో 20 అని ఉంది.

నాది కర్నూలే, నర్సుగా ఇది పద్నాలుగో ఏడు. ఈడ పెద్దాసుపత్రికైనా ప్రైవేటు నర్సింగ్ హోములకైనా మన జిల్లా, నంద్యాల పక్క నుంచే కాదు, గద్వాల నుంచి, బళ్ళారి, రాయచూరు పక్క నుంచి కూడా వస్తారు. ఆదోని నుంచి రావడానికే దాదాపు రెండు గంటలు, దానికి ముందు ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, ఆటోలో రోంత సేపు, అంటే పేషెంట్ మన స్ట్రెచర్ మీదికి వచ్చేసరికి టైమ్ సగం అయిపోయి ఉంటుంది. అందుకే మన పది నిమిషాలు మనం పాడుచేయకూడదు. ఒక మాట ముందే చెప్తా, కింద రాసిన డోసులు డాక్టర్ ఆర్డర్ ఇచ్చేటప్పటికి మీ చేయి రెడీగా ఉండడానికి మాత్రమే, మీ అంతట మీరు ఎక్కించడానికి కాదు, మీ ఆస్పత్రి ప్రోటోకాల్ ఏది ఉంటే అదే ఫైనల్.

స్టెప్ 1: నడుస్తూనే చూడండి

స్ట్రెచర్ దగ్గరికి పోయే ఆ పది అడుగుల్లోనే సగం అసెస్‌మెంట్ అయిపోతుంది. కూర్చొని ముందుకు వంగి రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకున్నాడా, పడుకోమంటే పడుకోలేక లేస్తున్నాడా, ఒళ్ళంతా చెమటతో చొక్కా అతుక్కుపోయిందా, పెదాలు నల్లబడినాయా. పోగానే భుజం తట్టి "ఏం పేరు నాయనా, ఏమైంది" అని అడగండి. ఒక పూర్తి మాట చెప్పినాడంటే గొంతు తెరుచుకునే ఉంది, ఊపిరి ఆడుతోంది, మెదడుకు రక్తం పోతోంది, మూడూ ఒక్క ప్రశ్నతో తెలిసిపోయినాయి. రెండు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీస్తే అది సీరియస్. పలకలేదంటే ఊపిరి, మెడ దగ్గర నాడి ఒకేసారి చూడండి, పది సెకండ్ల కంటే ఎక్కువ వెతకొద్దు, అవి లేకపోతే అరిచి మనుషుల్ని పిలిచి సీపీఆర్ మొదలుపెట్టండి, 30 నొక్కుళ్ళకు 2 ఊపిర్లు, నిమిషానికి 100 నుంచి 120, ఛాతీ 5 సెంటీమీటర్లు లోపలికి పోవాలి. కాలేజీలో బొమ్మ మీద చేసినంత సుకుమారంగా చేస్తే కుదరదు.

స్టెప్ 2: ఏ, బీ, సీ, డీ, ఈ అదే వరసలో

ఈ వరస మీకు నోటికి వచ్చు, కానీ హడావుడిలో అందరూ ముందు బీపీ మిషన్ కోసం పరిగెత్తుతారు. వద్దు.

ఏ అంటే గొంతు దారి. గురక శబ్దం వస్తే నాలుక వెనక్కి పడినట్లు, గరగర అంటే లోపల వాంతో కఫమో ఉన్నట్లు. నోరు తెరిచి చూడండి, మన పక్క పెద్దవాళ్ళ నోట్లో వక్కాకు, పళ్ళ సెట్టు రెండూ ఉంటాయి. సక్షన్ పెట్టండి, గడ్డం పైకెత్తండి, మెడకు దెబ్బ లేదనుకుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

బీ దగ్గర పూర్తి నిమిషం ఇవ్వండి. నేను చేసేది ఏందంటే పల్స్ చూస్తున్నట్లు మణికట్టు పట్టుకుంటా, కళ్ళు మాత్రం పొట్ట మీద ఉంటాయి, ఎందుకంటే ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే పేషెంట్ ఊపిరి మార్చేస్తాడు. చీరకొంగో టవలో అడ్డముంటే రోంత పక్కకు తీయండి. 12 నుంచి 20 మామూలు. 25 దాటితే మిగతా అన్నీ బాగున్నా మీరు కదలాలి. శాచురేషన్ (వేలికి పెట్టే మిషన్ చూపించే రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎందుకు నమ్మొద్దు అంటున్నానంటే ఊపిరితిత్తులు దెబ్బతిన్నా మనిషి గబగబా ఊపిరి తీసుకొని ఆ నంబరును చాలాసేపు నిలబెట్టుకుంటాడు, అలసిపోయిన రోజు ఒక్కసారిగా పడిపోతుంది. మిషన్ లేటుగా చెప్తుంది, ఊపిరి ముందే చెప్తుంది. ఇంకోటి, వేళ్ళు చల్లగా ఉన్నా, గోరింటాకు ముదురుగా ఉన్నా, నెయిల్ పాలిష్ ఉన్నా రీడింగ్ తప్పు రావచ్చు, వేలు మార్చి చెవికి పెట్టి చూడండి. ఆక్సిజన్ పెట్టేటప్పుడు, బీడీలు తాగి తాగి దమ్ము పట్టిన పాత సీఓపీడీ వాళ్ళకు 88 నుంచి 92 మధ్య చాలు, 100 చేద్దామని పోతే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తులోకి పోతారు. మిగతావాళ్ళకు 94 పైన. బ్యాగ్ ఉన్న మాస్క్ పెడితే 10 నుంచి 15 లీటర్లు పెట్టి బ్యాగ్ నిండిన తర్వాతే ముఖానికి పెట్టండి.

సీ అంటే బీపీ కంటే ముందు పాదం ముట్టుకోండి. పాదం చల్లగా తడిగా ఉందా? వేలు గోరు మీద 5 సెకండ్లు నొక్కి వదిలితే 2 సెకండ్లలో రంగు తిరిగి రావాలి. వయసులో ఉన్నవాళ్ళకు షాక్‌లో కూడా బీపీ చాలాసేపు 110 దగ్గరే నిలబడుతుంది, పల్స్ మాత్రం 120, 130 పరిగెత్తుతుంది. పల్స్ చేత్తో చూడండి, మానిటర్‌లో కాదు, సమంగా లేకపోతే చేతికే తెలుస్తుంది. ఐవీ లైన్ పెద్దది వేయండి, పచ్చది లేదా బూడిద రంగుది, సీరియస్ అయితే రెండు చేతులకూ. నీలం క్యాన్యులా వేసి సెలైన్ ఫాస్ట్‌గా పోవట్లేదు అని బాధపడితే ఎవరేం చేస్తారు. లైన్ వేసేటప్పుడే శాంపిల్స్ కూడా తీసేయండి.

డీ అంటే తెలివి, షుగర్. మేలుకొని ఉన్నాడా, పిలిస్తే పలుకుతున్నాడా, నొప్పికే కదులుతున్నాడా, దేనికీ లేదా, ఈ నాలుగింట్లో ఒకటి రాయండి, కొత్తగా తికమకగా మాట్లాడుతున్నా అది కూడా రాయండి. కనుపాపలు టార్చ్ వేసి చూడండి. తెలివి తప్పిన ప్రతి ఒక్కరికీ జీఆర్‌బీఎస్, అంటే వేలు గుచ్చి చూసే షుగర్ పరీక్ష, మినహాయింపు లేదు, తాగి పడిపోయినాడు అని ఊరంతా చెప్పినా సరే.

ఈ జీఆర్‌బీఎస్ గురించి ఒకటి చెప్పాలి. ఆలూరు పక్క నుంచి ఒక అవ్వను తెచ్చినారు, షుగర్ బిళ్ళలు వేసుకుంటుంది, పొద్దున్నుంచి మాట లేదు. నేను వేలు గుచ్చి చూస్తే 164. సరే షుగర్ బాగానే ఉంది, పక్షవాతమేమో అని అందరం సీటీకి రెడీ అవుతున్నాం. చేయి వదిలేటప్పుడు నా గ్లవ్స్ అవ్వ వేళ్ళకు అతుక్కుంది. జిగట. ఆటోలో మనవడు బెల్లం నీళ్ళు నోట్లో పోస్తుంటే అవ్వ చేత్తో నెట్టేసిందంట, వేళ్ళ నిండా బెల్లమే. తడి దూదితో కడిగి, తుడిచి, ఇంకో చేతి వేలు గుచ్చితే 38. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మిల్లీలీటర్లు పోయేలోపల అవ్వ కళ్ళు తెరిచి "యాడుండా నేను" అనింది. అప్పటినుంచి వేలు తుడవకుండా గుచ్చను, స్పిరిట్ పెడితే అది ఆరేదాకా ఆగుతా.

ఈ అంటే ఒళ్ళంతా చూడడం, స్క్రీన్ అడ్డం పెట్టి. వీపు, పాదాల మడమలు, వేళ్ళ సందులు, మొలతాడు కింద. టెంపరేచర్ ఈ స్టెప్‌లోనే. షుగర్ పేషెంట్ చెప్పులు, సాక్సులు విప్పకుండా పోనీయొద్దు, లోపల ఎన్నాళ్ళ పుండు ఉందో వాళ్ళకే తెలియదు.

స్టెప్ 3: మన మాటల్లో దాగిన హిస్టరీ

"మందు తాగినాడు" అంటే ఏ మందు? సారాయా, పురుగుల మందా? ఇది అడగకపోతే కథ మారిపోతుంది, ఇంట్లోవాళ్ళు సిగ్గుతోనో కేసు భయంతోనో ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతారు. "పురుగు ముట్టింది" అంటే పాము, పేరు ఎత్తకూడదని అట్ల అంటారు. "గ్యాస్ పట్టింది" అంటే నూటికి ఎన్నిసార్లు గుండెపోటో నేను చెప్పలేను గానీ ఈసీజీ తీయకుండా గ్యాస్ అని మాత్రం ఎప్పుడూ రాయొద్దు. "గాలి సోకింది" అంటే ఫిట్స్ కావచ్చు, మూతి వంకర పోయి ఉండచ్చు, మెదడు జ్వరం కావచ్చు. డబ్బా, బిళ్ళల షీటు, పాత చీటీలు ఇంట్లో ఉంటే ఎవరితోనైనా ఫోన్‌లో ఫోటో పంపించమనండి, ఐదు నిమిషాల పని.

స్టెప్ 4: నలుగురు ఒకేసారి వస్తే

రాత్రి పన్నెండుకు ఇదే జరుగుతుంది. తేలు కుట్టి కేకలు పెట్టే పిల్లోడు, చుట్టూ పదిమంది బంధువులు మిమ్మల్ని తిడుతూ ఉంటారు, మూలన స్ట్రెచర్ మీద ఒకాయన గమ్మున పడుకొని ఉంటాడు, ఆయన వెంట ఒక్క ముసలామె. ముందు ఆ గమ్మున ఉన్నాయన దగ్గరికే పోండి. కేకలు పెట్టేవానికి గొంతు, ఊపిరి ఉన్నాయి కదా. ఊపిరి ఆగేవాళ్ళు, రక్తం పోయేవాళ్ళు, తెలివి లేనివాళ్ళు, ఛాతీ నొప్పి చెమటతో ఉన్నవాళ్ళు ముందు, మిగతావాళ్ళు తర్వాత. బంధువులకు ఒక్క మాట చెప్పి పోండి, "ఆయనకు ఊపిరి ఆడట్లేదన్నా, రెండు నిమిషాల్లో నీ దగ్గరికి వస్తా", చెప్పి నిజంగా రెండు నిమిషాలకు రండి. కానీ ఆ తేలు పిల్లోని మీద కూడా కన్ను ఉండాలి, ఎందుకో కింద చెప్తా.

స్టెప్ 5: ఏ కేసుకు ఏది ముందు

ఛాతీ నొప్పి: వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ, తీసిన టైమ్ దాని మీదే రాసి డాక్టర్ చేతిలో పెట్టండి, ఫైల్లో పెట్టి పోవద్దు. ఆడవాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు నొప్పే ఉండకపోవచ్చు, ఆయాసం, చెమట, వాంతి, దవడ లాగడం, అంతే. ఆస్పిరిన్ 300 నమిలి మింగాలి, పడదని గానీ రక్తం పడుతోందని గానీ లేకపోతే. నాలుక కింద సార్బిట్రేట్ (గుండె నొప్పి బిళ్ళ) పెట్టమన్నా ముందు బీపీ చూడండి, పై బీపీ 90 కంటే తక్కువుంటే వద్దు, కింది గోడ గుండెపోటులో కుడి పక్క కూడా దెబ్బతిని ఉంటే బీపీ ఢమాల్ అంటుంది. తొడకూ పిర్రకూ సూదులు వేయొద్దు, గడ్డ కరిగించే మందు ఇచ్చే పని పడితే అక్కడ రక్తం చేరుతుంది. బాత్రూంకు నడిపించొద్దు, ఎంత బతిమాలినా సరే, బెడ్ దగ్గరే పాన్ పెట్టండి.

పక్షవాతం: "ఎప్పుడు చూసినారు" అని కాదు, "చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నాడు" అని అడగండి. పొద్దున ఆరుకు లేచేసరికే చేయి పడిపోయి ఉంటే, రాత్రి పదికి పడుకున్నప్పుడు బాగున్నాడు కాబట్టి లెక్క పదినుంచే. గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటలే టైమ్, సీటీ లేకుండా ఇవ్వరు. షుగర్ ముందు చూడండి, తక్కువుంటే అదే పక్షవాతంలా నటిస్తుంది. నోటిద్వారా ఏమీ వద్దు, బిళ్ళ కూడా, మంచినీళ్ళు కూడా, మింగడం పరీక్ష చేసేదాకా. బీపీ 180 ఉందని కంగారుపడి నాలుక కింద బిళ్ళ పెట్టే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది, అది మెదడుకు పోయే కొద్దిపాటి రక్తాన్నీ తగ్గిస్తుంది. గడ్డ మందు ఇచ్చేట్లుంటే 185/110 లోపలికి తేవాలి, లేకపోతే మామూలుగా 220/120 దాటేదాకా ముట్టుకోరు, మెదడులో రక్తం చిట్లి ఉంటే లెక్క వేరు, అది సీటీ చూసి డాక్టర్ చెప్తారు.

పాముకాటు: ఇది రోంత వివరంగా రాస్తా, మన పక్క వానలు పడి శనగచేను పని మొదలైతే రాత్రికి ఒకటన్నా వస్తుంది. మన దగ్గర దొరికే విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి పనిచేసేది, కాబట్టి పాము ఏదో చంపి తెమ్మని ఎవరినీ పంపొద్దు, ఇంకొకరిని కరిపించుకొని వస్తారు. గాజులు, మెట్టెలు, ఉంగరాలు, వాచీ వెంటనే తీయండి, గంట తర్వాత వాపులో కోయాల్సి వస్తుంది. తాడు గట్టిగా కట్టుకొని వస్తే గబక్కన విప్పేయొద్దు, లైన్ వేసి, డాక్టర్ పక్కన ఉండగా, అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చేది), అడ్రినలిన్ రెడీగా పెట్టుకొని మెల్లగా వదలాలి. వాపు అంచు దగ్గర పెన్నుతో గీత గీసి టైమ్ వేయండి, గంటకొకసారి కొత్త గీత.

రక్తం గడ్డకట్టే పరీక్ష మన చేతిలో పని. కొత్త, పొడి గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్లు తాజా రక్తం, 20 నిమిషాలు కదపకుండా పెట్టాలి, తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. సబ్బుతో కడిగిన ట్యూబైనా, ప్లాస్టిక్ ట్యూబైనా రక్తం సరిగా గడ్డకట్టదు, మనం విషం ఎక్కిందనుకుంటాం. మధ్యలో ఎవరన్నా ఎత్తి ఊపి చూస్తే మళ్ళీ మొదటి నుంచే, అందుకే నేను ట్యూబు పక్కన టైమ్ రాసిన ప్లాస్టర్ ముక్క అంటించి "ముట్టుకోవద్దు" అని రాస్తా. ఆర్డర్ మామూలుగా 10 వయల్స్‌తో మొదలవుతుంది, పిల్లలకూ పెద్దలకూ ఒకటే డోసు, ఎందుకంటే పాము పిల్లోడని చూసి తక్కువ విషం వదలదు. వయల్‌లో నీళ్ళు కలిపినాక చేతిలో తిప్పండి, షేక్ చేస్తే నురగ వస్తుంది. టెస్ట్ డోసు అవసరం లేదు. మొదటి 15 నిమిషాలు బెడ్ వదలొద్దు, దద్దుర్లు, దురద, వణుకు, గొంతు పట్టడం, ఏది మొదలైనా డ్రిప్ ఆపి అడ్రినలిన్ పెద్దవాళ్ళకైతే అర మిల్లీగ్రాము (పిల్లలకు బరువును బట్టి) తొడ కండకు, సిరంజిలో ముందే తీసి పెట్టుకొని ఉండాలి. మందు అయిపోయిన 6 గంటలకు మళ్ళీ అదే ట్యూబు పరీక్ష.

కట్లపాము ఇంకో రకం. నేల మీద పడుకున్నవాళ్ళను నిద్రలో కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా కనపడదు, తెల్లవారుజామున కడుపు నొప్పి, వాంతులు అని వస్తారు. రెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే, ఉమ్మి మింగలేకపోతుంటే పాము అనుకోండి. ఒకే ఊపిరిలో ఒకటి రెండు మూడు అని ఎంతవరకు లెక్కపెడతాడో చూడండి, గంట ముందు 25 దాకా పోయినోడు ఇప్పుడు 12 దగ్గర ఆగితే డాక్టర్‌కు ఫోన్ చేయండి, శాచురేషన్ పడేదాకా ఆగొద్దు. రక్తపింజర కేసుల్లో యూరిన్ బ్యాగు చూడడం మరిచిపోవద్దు, రంగు నల్లబడినా, తగ్గిపోయినా కిడ్నీలకు వచ్చినట్లే.

పురుగుల మందు: ఆదోని, ఎమ్మిగనూరు పక్క పత్తి, మిరప చేలు, ఇంట్లో మూలన డబ్బా, అందుకే మనకు ఈ కేసులు ఎక్కువ. ముందు మీరు గ్లవ్స్, ఏప్రాన్ వేసుకోండి, కిటికీలు తెరవండి. పేషెంట్ బట్టలన్నీ తీసి కవర్లో కట్టండి, సబ్బు నీళ్ళతో ఒళ్ళు, తల వెంట్రుకలు కూడా కడగండి, మందు చర్మం నుంచి ఎక్కుతూనే ఉంటుంది. ఉప్పు నీళ్ళు తాగించి వాంతి చేయించడం వద్దు, వాళ్ళవాళ్ళు చేస్తుంటే ఆపండి. నోట్లో నురగ, కనుపాపలు ఆవగింజంత, చెమట, ఛాతీలో గరగర, ఇవి ఉంటే విరుగుడుగా అట్రోపిన్.

అట్రోపిన్ ఆంపుల్ ఒకటి 0.6 మిల్లీగ్రాములు, మూడు ఆంపుల్స్‌తో మొదలుపెడితే 1.8. 5 నిమిషాలకు చూసి తగ్గకపోతే ఆరు, మళ్ళీ 5 నిమిషాలకు పన్నెండు, ఇట్ల రెట్టింపు చేసుకుంటూ పోతారు, అందుకే ట్రేలో ఐదారు పెట్టుకొని కూర్చుంటే చాలదు, బాక్సులు దగ్గర పెట్టుకోండి, ఆంపుల్స్ పగలగొట్టడానికే ఒక మనిషి కావాలి. ఎప్పుడు ఆపాలి? ఛాతీ రెండు పక్కలా గరగర పోవాలి, పల్స్ 80 పైన, పై బీపీ 80 పైన, చంకలు ఆరాలి, కనుపాపలు సూదిమొన మాదిరి ఉండకూడదు. ఐదూ చూడాలి, కనుపాప ఒక్కటే చూసి డోసు పెంచుతూ పోతే రెండో ప్రమాదం వస్తుంది: పేషెంట్ గాల్లో దారాలు పీకుతాడు, దుప్పటి లాగుతాడు, ఒళ్ళు కాలిపోతుంది, పొట్టలో శబ్దాలు ఉండవు, మూత్రం ఆగిపోతుంది. అది అట్రోపిన్ ఎక్కువైన లక్షణం. చంకల్లో చేయి పెట్టి చూసే పని గంట గంటకూ మీదే. రెండో రోజు, మూడో రోజు అందరూ బాగైపోయినాడు అనుకుంటారు, ఆ టైములోనే మెడ పడిపోతుంది, దిండు మీద నుంచి తల ఎత్తమనండి, ఎత్తలేకపోతే ఊపిరి కండరాలు కూడా అదే దారిలో ఉన్నాయి, వెంటనే చెప్పండి. 24 నుంచి 96 గంటల దాకా ఈ భయం ఉంటుంది.

గడ్డిమందు, ముఖ్యంగా పారాక్వాట్ అయితే ఆక్సిజన్ విషయంలో డాక్టర్‌ను అడగండి, ఊపిరితిత్తుల మీద అది విషానికి తోడవుతుంది, శాచురేషన్ బాగా పడితే తప్ప పెట్టరు. ఇంకోటి, మందు తాగివచ్చిన మనిషిని "ఎందుకు చేసినావు ఇట్ల, పిల్లలు గుర్తురాలేదా" అని మనమే స్టాండ్ పక్కన నిలబడి తిట్టే అలవాటు మనలో ఉంది. మానుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించాలి, శిక్షించకూడదు. ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రాస్తారు, అది వేరే పని. ఒంటరిగా వదలొద్దు, సైకియాట్రీ చూపించకుండా డిశ్చార్జ్ కానీయొద్దు, 14416 టెలీమానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు ఇంట్లోవాళ్ళ ఫోన్లో ఎక్కించండి, తెలుగులోనే మాట్లాడతారు.

తేలు: పైన చెప్పిన పిల్లోడు. నొప్పి ఒక్కటే అయితే పర్లేదు. ఒళ్ళు చెమటలు, కాళ్ళు చేతులు ఐసు, వాంతులు, పల్స్ పరుగు, మగపిల్లలకు అంగం గట్టిపడి ఉండడం, ఇవి ఉంటే గుండెకు ఎక్కుతోంది, గంటల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. దీనికి ప్రజోసిన్ బిళ్ళ వాడడం మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బవాస్కర్ మొదలుపెట్టి చూపించినారు, పల్లెటూరి డాక్టరు, ఎంతమంది పిల్లలు బతికినారో. బిళ్ళ వేసినాక పిల్లోన్ని లేపి నిలబెట్టొద్దు, ఎత్తుకోనూ వద్దు, బీపీ పడిపోతుంది.

వడదెబ్బ: ఏప్రిల్, మే వస్తే 42, 43 మనకు మామూలే, ఉపాధి పనికి పోయినవాళ్ళు, బేతంచెర్ల పక్క నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్ళు వస్తారు. ఒళ్ళు 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మాట తప్పుతుంటే అది ఎమర్జెన్సీ, పారాసెటమాల్ పనిచేయదు, దానికోసం టైమ్ పెట్టొద్దు. బట్టలు తీసేసి ఒళ్ళంతా నీళ్ళు చల్లి ఫ్యాన్ పెట్టండి, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు. ఐసు లేదంటే పక్క జ్యూస్ బండి దగ్గర అడిగైనా తెప్పించండి, నేను తెప్పించినా. అరగంటలో 39 దాకా దించాలి, అక్కడ ఆపాలి, లేకపోతే వణుకు మొదలై మళ్ళీ వేడెక్కుతుంది.

షుగర్ ఎక్కువై వచ్చేవాళ్ళు, అంటే వాంతులు, కడుపునొప్పి, లోతుగా గబగబా ఊపిరి, నోట్లో పండ్ల వాసన. ముందు సెలైన్, తర్వాతే ఇన్సులిన్, మధ్యలో పొటాషియం రిపోర్టు. అది 3.3 కంటే తక్కువ ఉండగా ఇన్సులిన్ ఎక్కిస్తే గుండె లయ తప్పుతుంది, రిపోర్టు అడగడం మీ పని. షుగర్ తగ్గి వచ్చినవాళ్ళకు డెక్స్‌ట్రోజ్ ఇచ్చిన 15 నిమిషాలకు మళ్ళీ చూడండి, గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ షుగర్ బిళ్ళలు వేసుకునేవాళ్ళకు కొన్ని గంటలకు మళ్ళీ పడుతుంది, "లేచి కూర్చున్నాడు కదా, పోతాం" అంటారు, పంపొద్దు. రోజూ తాగేవాళ్ళకు డెక్స్‌ట్రోజ్‌తో పాటే థయమిన్ (విటమిన్ బి1) గుర్తుచేయండి.

ఆస్తమా వచ్చినోనికి ఈల శబ్దం ఆగిపోయిందంటే సంతోషపడొద్దు, మత్తుగా కూడా ఉంటే గాలే పోవట్లేదని. ఫిట్స్‌లో చేతిలో తాళాలు, ఇనుము పెట్టే పని ఆపించండి, పక్కకు తిప్పండి, గడియారం చూడండి, 5 నిమిషాలు దాటితే లొరాజెపామ్ రెడీ. గర్భిణికి ఫిట్స్ వస్తే బీపీ చూసి ఓబీ (కాన్పుల విభాగం) వాళ్ళను పిలవండి, మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కేటప్పుడు మోకాలి రిఫ్లెక్స్, ఊపిరి, యూరిన్ చూస్తూ ఉండాలి, పక్కన దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్.

సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్ళంతా దెబ్బతీయడం, మాత్రం అరిచి చెప్పదు. ముసలివాళ్ళకు జ్వరమే ఉండదు, "రెండు రోజులుగా తినట్లేదు, ఒకటే పడుకుంటోంది" అంటారు. ఊపిరి 22 గానీ ఆపైన గానీ, పై బీపీ 100 గానీ ఆ కింద గానీ, కొత్తగా తికమక, మూడింట్లో రెండు ఉంటే చెప్పేయండి. కల్చర్ (ఏ క్రిమో తేల్చే పరీక్ష) కోసం రక్తం తీసి, గంటలోపల మొదటి యాంటీబయాటిక్ ఎక్కాలి, ఫార్మసీ నుంచి రాలేదు అని రెండు గంటలు కూర్చోవద్దు, ఫోన్ చేయండి. యూరిన్ గంటకు కిలోకు అర మిల్లీలీటరు, అంటే 60 కిలోల మనిషికి 30.

స్టెప్ 6: డాక్టర్‌కు ఎట్ల చెప్పాలి

"సార్, ఆరో బెడ్ పేషెంట్ బాగలేడు సార్" అని రాత్రి రెండుకు చెప్తే "సరే చూద్దాంలే" అనే వస్తుంది, తప్పు ఆయనది ఒక్కడిదే కాదు. ఇట్ల చెప్పండి: "సార్, మెడికల్ వార్డు సిస్టర్‌ని. ఆరో బెడ్, 58 ఏళ్ళు, షుగర్, కాలి పుండుతో నిన్న చేరినారు. ఇప్పుడు బీపీ 88/50, పల్స్ 124, ఊపిరి 30 నేనే నిమిషం లెక్కపెట్టినా, అరగంట ముందు మాట్లాడినాయన ఇప్పుడు మత్తుగా ఉన్నారు. సెప్సిస్ అనిపిస్తోంది సార్. మీరు వచ్చి చూడాలి, అంతవరకు సెలైన్ ఫాస్ట్ పెట్టమంటారా, కల్చర్ తీయమంటారా?" చెప్పిన ఆర్డర్ మళ్ళీ ఆయనకే చదివి వినిపించండి, ఫోన్ చేసిన టైమ్ రాయండి. రాకపోతే పదిహేను నిమిషాలకు మళ్ళీ చేయండి, ఆ తర్వాత ఆయన పైవాళ్ళకు. తిడితే తిట్టనీ.

స్టెప్ 7: మళ్ళీ చూడడం, అప్పజెప్పడం

ఒకసారి చూసిన నంబరు ఫోటో లాంటిది, రెండోసారి చూస్తేనే పేషెంట్ ఎటు పోతున్నాడో తెలుస్తుంది. సీరియస్ కేసుకు 15 నిమిషాలకొకసారి, కుదుటపడితే గంటకు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చిన న్యూస్ స్కోరు చార్టు (పేషెంట్ దిగజారుతున్నాడని ముందే చెప్పే మార్కుల చార్టు), 2017లో మార్చినది, మీ దగ్గర ఉంటే వాడండి, లేకపోతే ప్రింట్ తీసి గోడకు అంటించండి. మొత్తం 5 వస్తే డాక్టర్ త్వరగా రావాలి, 7 గానీ ఆపైన గానీ వస్తే పరిగెత్తి రావాలి. దాంట్లో ఊపిరి 25 గానీ ఆపైన గానీ ఉంటే ఆ ఒక్కదానికే 3. మొదట చెప్పినాయన చార్టులో నేను నిజం రాసి ఉంటే సాయంత్రమే ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు.

పొద్దున అప్పజెప్పేటప్పుడు డెస్క్ దగ్గర కూర్చొని చదవొద్దు, వచ్చిన సిస్టర్‌ను బెడ్ దగ్గరికి తీసుకుపోండి. పాము వాపు గీతలు చూపించండి, యూరిన్ బ్యాగు చూపించండి, పురుగుల మందు పేషెంట్‌ను "తల ఎత్తు నాయనా" అని ఆమె ముందరే ఎత్తించండి. ఇద్దరూ కలిసి ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి, నంబరు తేడా వస్తే ఇంకో నిమిషం.

జేబులో నేను పెట్టుకునేవి: టార్చ్, కత్తెర, ప్లాస్టర్ చుట్ట, రెండు పెన్నులు (ఒకటి ఎవరో పట్టుకుపోతారు, ఎప్పుడూ), బస్టాండ్ దగ్గర కొన్న సెకండ్ల ముల్లు వాచీ. ఫోన్లో టైమ్ చూస్తే లెక్క తప్పుతుంది, మధ్యలో ఎవరిదో మెసేజ్ వస్తుంది.